అరవై ఒకటి దగ్గర ఆగిన గీత

పోయిన వారం కథ ఆపేసరికి మా ఇంట్లో పండగ. అదెందుకో మర్చిపోయినవాళ్ల కోసం నాలుగు ముక్కలు.

మా అమ్మ వగియెమ్‌కి పన్నెండు వందల కోళ్లున్నాయి. అన్నీ తొలిసారి గుడ్లకొచ్చిన పడుచు కోళ్లు. వందకి తొంభై దాటి పెట్టాల్సినవి యాభై ఎనిమిది దగ్గర నీలుగుతున్నాయి. మాక్ (అమ్మని నేను అలాగే పిలుస్తాను) నోట్‌బుక్‌లో క్రమం తప్పకుండా ఒక్కో వరస రాస్తుంది. నేను సురబయాలో నాలుగేళ్లు డేటా చదివి, రెండేళ్లు ఉద్యోగం చేసి, కంపెనీ మూతపడితే ఇంటికొచ్చిన మేధావిని. అందుకని ముప్ఫై మూడు వరసలంటే ముప్ఫై మూడు వారాలని లెక్కేశాను. ఆ వయసుకి యాభై ఎనిమిదంటే ఇక పెట్టవు, మాంసానికి ఇచ్చేయమన్నాను. లారీ వాకిట్లోకి వచ్చాక బయటపడింది, మాక్ లెక్కలో వారానికి ఐదు రోజులేనని. తను పుట్టింది మా జావా వాళ్ల ఐదు రోజుల వారంలో వగే అనే రోజున. మా ఊరి సంత కూడా వగే రోజునే. ఐదు రోజులకోసారి వగే వస్తుంది, వచ్చినప్పుడల్లా ఒక వరస. చిన్నప్పుడంతా ఆ సంతకి సంచి మోసింది నేనే, మర్చిపోయిందీ నేనే. ముప్ఫై మూడు వరసలంటే ఇరవై మూడున్నర వారాలు. ఆ వయసుకి యాభై ఎనిమిదంటే కాస్త ఆలస్యం, అంతే.

లారీని ఖాళీగా వెనక్కి పంపాం. మాక్ ఎర్రబెల్లం జావ వండి వీధంతా పంచింది. “ఆలస్యమేగానీ వస్తాయి” అని నేను కనపడ్డవాళ్లకల్లా చెప్పాను. ఆ మాట పట్టుకుని ఐదిళ్ల ఆడవాళ్లు, వద్దనుకుంటున్న కొత్త కోడిపిల్లల ఆర్డరుని ఉంచేసుకున్నారు. ఆ పదిహేను వందల పిల్లలూ ఇప్పుడు మా ముందుగదిలో బల్బుల కింద ఉన్నాయి. ఊరికి కోడిపిల్లల్ని సాకి ఇచ్చేది మా పెదనాన్న, పక్‌దే కతిరాన్. ఆయన షెడ్డు కప్పు కిందటి వానలకి లేచిపోయింది. ఇంకా వేయలేదు.

అదంతా పది రోజుల కిందటి మాట. ఇవాళ మళ్లీ వగే. ముప్ఫై అయిదో వరస.

పొద్దున గుడ్లు ఏరడం అయ్యాక మాక్ చెవి వెనక నుంచి పెన్సిల్ తీసింది.

“ఏడొందల ముప్ఫై రెండు” అంది. “పోయిన వగే కంటే పన్నెండు ఎక్కువ. చూశావా? ఎక్కుతున్నాయి.”

నేను చూశాను. ముప్ఫై మూడో వరసకి యాభై ఎనిమిది, ముప్ఫై నాలుగుకి అరవై, ఇవాళ అరవై ఒకటి. ఎక్కుతున్నాయనే మాట నిజమే. ముసలాయన మెట్లెక్కినట్టు, ఒక్కో మెట్టు ముందుదానికంటే పొట్టిగా.

ఈ అంకెలు పోస్తే లాప్‌టాప్‌లో గీత గీసే నా మోడల్ పెద్ద గొప్పదేం కాదు. మూడే అంకెలు. కోళ్లు ఎప్పుడు మొదలెడతాయి, ఎంత వేగంగా ఎక్కుతాయి, ఎక్కడ ఆగుతాయి. పడుచు కోళ్ల గీత ఎక్కడైనా ఒకటే తీరు. కొన్నాళ్లు నేల మీద పాకుతుంది, ఒక్కసారి పడగెత్తుతుంది, పైన నిలబడిపోతుంది. వారాన్ని ఐదు రోజులు చేసినప్పుడు మొదటి అంకె మారింది, రెండోదీ మారింది. ఆ సంబరంలో మూడోదాని మొహం చూడలేదు. మాక్ కట్టుకునే బతిక్ బట్టకి కుచ్చిళ్లు దగ్గరగా పెట్టినా, ఎడంగా పెట్టినా దాని ఎత్తు మారదు కదా. కోళ్ల వయసు తగ్గించినంత మాత్రాన గీత ఆగే పైకప్పు లేవదు. లారీ వచ్చిన రోజున కూడా ఆ మూడో అంకె అరవై ఒకటే. ఇవాళా అరవై ఒకటే. అది నాకు అబద్ధం చెప్పలేదు. నేనే అడగలేదు.

అయినా గీత అనేది ఒక అంచనా. దాన్ని తిట్టి మూసేయొచ్చు. మూసేద్దామనే అనుకున్నాను. కానీ క్లిప్పులు ఉన్నాయే.

పది రోజుల కిందట, సంతోషంలో ఉన్నప్పుడు, షెడ్డు చివరి వరసలో అరవై బోన్లు ఎంచుకున్నాను. బోనుకి ఒక్క కోడి. గుడ్డు పెట్టిన రోజున దాని బోనుకి ఒక బట్టల క్లిప్పు తగిలించడం. గుడ్డు పక్క బోను ముందుకి దొర్లకుండా మధ్యలో వెదురు బద్దలు కట్టాను. ఆలస్యంగా వచ్చేవి ఒక్కొక్కటే ఎలా అందుకుంటాయో చూసి ముచ్చట పడదామని. ఒకటి రెండు క్లిప్పులవి, నాలుగైదువి, ఏడెనిమిదివి, ఇలా మెట్లు మెట్లుగా ఉంటాయని అనుకున్నాను. ఆలస్యం అంటే అదే కదా, కొందరు ముందూ కొందరు వెనకా.

ముప్ఫై ఏడు బోన్లకి ఎనిమిదీ, తొమ్మిదీ, పదీ. ఇరవై రెండు బోన్లకి ఒక్కటీ లేదు. మధ్యలో ఎవరూ లేరు, నలభై ఒకటో బోను తప్ప. దానికి నాలుగు. అరవైలో నిజంగా ఆలస్యమైనది అదొక్కటే. దాన్ని చూస్తే నాకు ఏడుపొచ్చింది, వెధవ కోడి.

“ఏమే గెందుక్, బట్టలు ఆరేశావా, కోళ్లని ఆరేశావా?”

పక్‌దే వచ్చాడు. చిట్టితల్లీ అనడానికి ఆయన మాట గెందుక్. చెవి మీద లవంగాల సిగరెట్టు, చేతిలో మాక్ ఇచ్చిన కాఫీ గ్లాసు. ముందుగదిలో పిల్లలకి నీళ్లు మార్చి, అటు నుంచే వచ్చాడు.

“క్లిప్పులన్నీ ఇక్కడే ఉన్నాయి” అంది మాక్. “పది రోజులుగా నా లంగాలు తీగ మీంచి ఎగిరి పక్కింట్లో పడుతున్నాయి.”

“సురబయాలో డబ్బుపోసి నేర్పింది ఇదేనన్నమాట. ఉతికి ఆరేయడం.”

“పక్‌దే, కూర్చోండి. ఒక మాట చెప్పాలి.”

“నిలబడే వింటా. కూర్చోబెట్టి చెప్పే మాటలు నాకు పడవు. మీ నాన్న పోయినప్పుడూ అలాగే కూర్చోబెట్టారు.”

చెప్పాను. గీత సంగతి, పైకప్పు సంగతి, ఇరవై రెండు బోన్ల సంగతి. వీటిలో వందకి ముప్ఫై తొమ్మిది ఆలస్యం కాదు, అసలు ఎప్పటికీ పెట్టవు అని. వింటూ ఆయన గ్లాసు అడుగున మడ్డిని తిప్పుతూ కూర్చున్నాడు. అవును, కూర్చున్నాడు.

“పది రోజుల కిందట వస్తాయన్నావు. అంతకు ముందు రావన్నావు. ఇప్పుడు మళ్లీ రావంటున్నావు. నీ కంప్యూటర్ గాలికోడి లాంటిదే తల్లీ.”

“మొదట తప్పు లెక్కతో రావన్నాను. ఇప్పుడు...”

“ఇప్పుడు ఒప్పు లెక్కతో రావంటున్నావు. తేడా ఏంటి కోడికి?” రెండు వేళ్లు ఎత్తి చూపించాడు. చూపుడు వేలూ నడిమి వేలూ. “ఇవి చూశావా? నలభై ఏళ్లు. జిల్లా ఆఫీసు నుంచి కారు పంపించి తీసుకెళ్లేవాళ్లు ఈ రెండింటినీ. నన్ను కాదు, వీటినే.”

అది నిజమే. కోడి తోక కింద, గుడ్డు బయటకొచ్చే చోట, అటూ ఇటూ రెండు సన్నటి ఎముకలుంటాయి. వాటి మధ్య రెండు వేళ్లు పడితే కోడి పెడుతున్నట్టు, ఒక్కటే పడితే లేనట్టు. మాకందరికీ తెలుసు ఆ విద్య. పక్‌దేకి తెలిసినంత ఎవరికీ తెలీదు. కళ్లు మూసుకుని గంటకి మూడొందల కోళ్లు చూసేవాడు.

“అయితే చూడండి” అన్నాను. “పది కోళ్లు తెస్తా. ఏది ఎక్కడిదో చెప్పను.”

“నాకే పరీక్షా?”

“కాంగ్, చూడండి” అంది మాక్. ఆవిడ ఆయన్ని అన్నా అని పిలిచేది ఏదైనా తేలిపోవాలనుకున్నప్పుడే.

క్లిప్పులు నిండుగా ఉన్న బోన్లలోంచి ఐదు, ఖాళీ బోన్లలోంచి ఐదు తెచ్చి కలిపేశాను. పక్‌దే నిజంగానే కళ్లు మూసుకున్నాడు. ఒక్కొక్కదాన్నీ చంకలో ఇరికించుకుని వేళ్లు పెట్టడం, “పెడుతోంది” అనడం, వదలడం. ఏడో కోడి దగ్గర కాసేపు ఆగాడు.

“ఇది బాగా పెడుతోంది” అన్నాడు.

పదికి పదీ పెడుతున్నట్టే. కళ్లు తెరిచి మాక్ వైపు చూసి నవ్వాడు. “ఏమంటోంది నీ కూతురి కంప్యూటరు?”

“ఏడోది పది రోజుల్లో ఒక్క గుడ్డు పెట్టలేదు పక్‌దే. రెండోది కూడా. నాలుగు, ఎనిమిది, తొమ్మిది కూడా.”

“ఎలకలు ఎత్తుకుపోయుంటాయి.”

“ఆ ఐదింటివేనా? పది రోజులూ?”

“మా ఊరి ఎలకలకి క్రమశిక్షణ ఎక్కువ” అన్నాడు.

మాక్ వంటింట్లోకి వెళ్లి కత్తి తెచ్చింది. ఏడో కోడిని ఎత్తుకుంది. తురాయి ఎర్రగా, కళ్లు నిగనిగలాడుతూ, సంతలో పెడితే ముందు అమ్ముడయ్యే కోడి. బాదం చెట్టు కిందకి తీసుకెళ్లి, బిస్మిల్లా అని, ఒక్క గీతతో ముగించింది. వేణ్నీళ్లూ ఈకలూ ఏమీ లేవు. పొట్ట నేరుగా కోసింది.

ముగ్గురం వంగి చూశాం.

సొనల గుత్తి ఉంది. చక్కగా ఉంది. ఆవగింజలంతవి, చెర్రీ కాయలంతవి, పైన ఒకటి బాగా పండి పచ్చగా. రేపటి గుడ్డు అది. దాని కింద గుడ్డు దారి ఉండాల్సిన చోట పిడికిలంత నీళ్ల తిత్తి ఉంది, గాజు సంచిలా. పేగుల మధ్యన చితికిన సొన, ఉడికించి చిదిమినట్టు, అక్కడక్కడా గడ్డకట్టి.

పక్‌దే తన రెండు వేళ్లూ లోపల పెట్టి దారి కోసం వెతికాడు. పైనుంచి వెతికాడు, కింద నుంచి వెతికాడు.

“లేదు” అన్నాడు. “దారే లేదు.”

“అంటే ఇది పెట్టకపోవడం కాదు” అంది మాక్ నెమ్మదిగా. “రోజూ పెడుతూనే ఉంది. లోపలికే.”

పక్‌దే చేయి బయటకి తీసి వేళ్లని చూసుకున్నాడు. నలభై ఏళ్ల వేళ్లు. నాకు జాలేసింది. ఇంతసేపూ గెలవాలని చూసిన దాన్ని, గెలిచాక ఏం చేసుకోవాలో తెలీలేదు.

“మీ వేళ్లు తప్పు చెప్పలేదు పక్‌దే. పైన సొన పండుతోంది కదా, ఒళ్లు తను పెడుతున్నాననే అనుకుంటుంది. ఎముకలు విచ్చుకుంటాయి, తురాయి ఎర్రబడుతుంది. కోడికే తెలీదు.”

“నాకు తెలియాలిగా.”

“ఎవరికీ తెలీదు. అందుకే ఒక్కొక్కదానికీ క్లిప్పులు పెట్టాల్సి వచ్చింది.”

“ఎప్పుడు పాడైంది ఇది? దాణాలోనా?”

“కాదు. పిల్లలుగా ఉన్నప్పుడు. మొదటి రెండు వారాల్లో వచ్చే దగ్గు. తుమ్ములు, ముక్కు చీదడం, నాలుగైదు రోజులుండి అదే పోతుంది. పిల్లలు బానే పెరుగుతాయి. లోపల గుడ్డు గొట్టం మాత్రం పెరగదు. ఆరు నెలల దాకా బయటపడదు. మందు లేదు.” చదివింది చదివినట్టు చెబుతున్నాను, పరీక్షలో అప్పజెప్పినట్టు. “తగ్గిపోయాక కూడా ఆ రోగపు పురుగు పెద్ద కోళ్ల ఒంట్లో నెలల తరబడి దాక్కుంటుంది. గాలికి అంటుతుంది. చేతులకి, బట్టలకి...”

పక్‌దే నా మాట పూర్తి కానివ్వలేదు. “నా దగ్గరే వచ్చుంటుంది” అన్నాడు. “నేనే చూసుకోలేదు. తప్పు నాది.”

చాలా తొందరగా అన్నాడు. పక్‌దే కతిరాన్ తన జన్మలో తప్పు ఒప్పుకున్న మనిషి కాదు. మోటారు సైకిల్‌ని మసీదు గోడకి గుద్ది, గోడ పక్కకి జరగలేదని తిట్టిన మనిషి. నేను ఆయన మొహం వైపు చూశాను. ఆయన మాక్ వైపు చూడకుండా ఉండటానికి కష్టపడుతున్నాడు.

మాక్ కత్తి కడుగుతోంది. కడిగిన కత్తినే మళ్లీ కడుగుతోంది.

నోట్‌బుక్ బల్ల మీద ఉంది. దాని అంకెలన్నీ నా లాప్‌టాప్‌లోకి ఎక్కించాను గానీ, అంకెలు కానివి చదవలేదు. మాక్ మామూలుగా మూడు నెలలు నిండిన కోళ్లనే పక్‌దే దగ్గర నుంచి తెచ్చుకుంటుంది. అలాంటప్పుడు ఒకటో వరస, రెండో వరస ఎలా ఉంటాయి? పుట్టిన మొదటి వగే నుంచి ఈవిడ ఎలా రాసింది? ఈ ప్రశ్న పదేళ్ల పిల్లకైనా రావాలి. నాకు రాలేదు.

మొదటి పేజీ తీశాను. ఒకటో వరసలో మాక్ గుండ్రటి రాత. “పిల్లలు 1,212. ముందుగది.”

“కప్పు లేచిపోయింది ఆ వారమే” అంది మాక్, కత్తి వైపే చూస్తూ. “ఈయన షెడ్డులో మోకాళ్ల లోతు నీళ్లు. పిల్లలు దారిలో ఉన్నాయి. మరెక్కడ దించమంటావు? పద్దెనిమిది రోజులు నా దగ్గరే ఉన్నాయి.”

“యెమ్, వదిలేయ్” అన్నాడు పక్‌దే మాక్‌తో.

“ఎందుకు వదిలేయాలి? మీరెందుకు నెత్తినేసుకుంటారు?” ఆవిడ తిరిగి నా వైపు చూసింది. కోపంగా కాదు. కోపంగా చూసుంటే బాగుండేది. “ఐదో రోజున చిట్ చిట్ మన్నాయి కొన్ని. నాకు తెలీదు. ఎప్పుడూ అంత చిన్నవాటిని సాకలేదు. ఈయన వానలో కప్పు పట్టుకుని వేలాడుతున్నాడు. నిన్నడిగాను లుపీ.”

“నన్నా?”

“ఫోన్లో మాట పంపాను. పిల్లల దగ్గర ఫోన్ పెట్టి వినిపించాను కూడా. నువ్వు బాగున్నాయన్నావు.”

ఫోన్ తీసి వెనక్కి, వెనక్కి జరిపాను. పెళ్లిళ్ల ఫొటోలు, కెలుద్ కొండ మీద మబ్బులు, ‘తిన్నావా’లు ఓ నూట యాభై. ఆరు నెలల కింద ఆగాను. నలభై రెండు సెకన్ల గొంతు. పక్కన మైకు గుర్తు ఇంకా రంగు మారలేదు, అంటే నేనసలు విననే లేదు. దాని కింద నా జవాబు, రెండు నిమిషాలకే: “బాగున్నాయి మాక్! ముద్దొస్తున్నాయి!” ఒక బొటనవేలు, రెండు గుండెకాయలు.

ఏ మీటింగులో ఉన్నానో. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. ఆ మీటింగులో దేనిగురించి మాట్లాడుకున్నామో భూమ్మీద ఎవరికీ గుర్తుండదు.

“నువ్వు చదువుకున్నదానివి, చూసే చెప్పుంటావనుకున్నా” అంది మాక్. “అందుకే ఈయనకి కూడా చెప్పలేదు. బాగున్నవాటి గురించి ఏం చెప్తాం?”

ఏదైనా అనాలి. వినలేదని చెప్పాలి. నోరు తెరిచాను గానీ మాట బదులు వేలు కదిలింది. ఆరు నెలల కిందట నొక్కాల్సిన చోట ఇప్పుడు నొక్కాను.

“లుపీ, పిల్లలొచ్చి ఐదు రోజులైంది” అంది ఫోన్లో మాక్. చిన్నదానిలా ఉంది ఆ గొంతు, వెనకాల వాన. “కొన్ని ముక్కుతో చిట్ చిట్ అంటున్నాయి. ఇదిగో, విను. ఇలా అంటే ఏంటో చూసి చెప్పవే.” తర్వాత మాటల్లేవు. వందల పిల్లల కిచకిచ. దాని అడుగున, చెవి పెడితే దొరికేలా, చిట్... చిట్... గడ్డిపోచ విరిచినట్టు.

బాదం చెట్టు కింద చచ్చిన కోడి పొట్ట తెరుచుకునే ఉంది.

గేటు దగ్గర సైకిల్ స్టాండు వేసిన చప్పుడు. సంత అయిపోయినట్టుంది. ఐదుగురు ఆడవాళ్లూ సంత నుంచి ఇటే వస్తారు, పిల్లల్ని చూసుకుని పోవడానికి. అందరికంటే ముందు బు సుమిరాహ్ గొంతు: “లుపీ! నా మూడొందలూ ఎలా ఉన్నాయే? ఎనిమిదో రోజు కదా ఇవాళ?”

చిట్... అని వినపడింది. మళ్లీ చిట్.

“ఆ ఫోన్ ఆపవే గెందుక్” అన్నాడు పక్‌దే, మెల్లగా. “ఆవిడ వింటుంది.”

నేను చేతిలో తెర వైపు చూశాను. నలభై రెండు సెకన్లు ఎప్పుడో అయిపోయాయి.

“ఆగిపోయింది పక్‌దే” అన్నాను.

ముందుగది తలుపు ఓరగా తెరిచి ఉంది.